షా నుంచి చెక్కు దాకా

తెలుగు దినపత్రిక ఏదైనా ఒకటి తీసుకుని, ఒక్క రోజు సంచికను శ్రద్ధగా చదివి చూడండి. మొదటి పేజీలో 'అవినీతికి చెక్' అని ఒక శీర్షిక. దాని పక్కనే సర్పంచుల 'చెక్ పవర్' గురించి ఒక వార్త. లోపలి పేజీలో వాగు మీద కట్టిన చెక్‌డ్యాం నిండిందని, సరిహద్దు చెక్‌పోస్టులో లారీ పట్టుబడిందని, వరద బాధితులకు మంత్రిగారు చెక్కులు పంచారని. ప్రకటనల్లో చెక్స్ చొక్కాలు, ఉచిత హెల్త్ చెకప్పు. ఆటల పేజీలో చదరంగం. అక్కడా ఒకడు రాజు మీదికి మంత్రిని తోసి 'చెక్' అంటాడు.

ఇవన్నీ ఒకే మాటా, లేక ఒకే వేషం వేసుకున్న వేర్వేరు మాటలా అన్న అనుమానం నాకు చాలాకాలంగా ఉండేది. నేను కామర్స్ చదివినవాణ్ణి. భాషాశాస్త్రం నా పద్దు కాదు. కానీ ముప్పై ఏళ్ళుగా రోజూ చేతిలో పట్టుకుంటున్న కాగితానికి ఆ పేరు ఎలా వచ్చిందో తెలియకపోవడం చిన్నతనంగా తోచి, దొరికినంతవరకు చదివాను. చదివాక తెలిసింది ఏమిటంటే, ఈ అర్థాలను ఏ పండితుడూ కూర్చుని పుట్టించలేదు. ఆటగాళ్ళు, పన్నులు వసూలు చేసేవాళ్ళు, కంసాలులు, గుమాస్తాలు తమ తమ పనుల అవసరానికి ఉన్న మాటనే ఇంకో పనికి వాడుకున్నారు. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో అర్థం పుట్టింది.

రాజు పేరే మొదటి అర్థం

ఈ మాట పుట్టుక మన దేశపు ఆటతో ముడిపడి ఉంది. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం అనే నాలుగు అంగాల సేన గనుక ఆ ఆట చతురంగం. మన నోట చదరంగం. క్రీ.శ. 6వ శతాబ్దం నాటికి అది ఇరాన్ చేరి 'చత్రంగ్' అయింది. భారతదేశపు రాజొకడు ఈ ఆటను పరీక్షగా ఖుస్రో చక్రవర్తి కొలువుకు పంపాడనే కథతో పహ్లవీ భాషలో ఒక చిన్న గ్రంథమే ఉంది. తర్వాతి శతాబ్దంలో అరబ్బులు ఇరాన్‌ను గెలుచుకున్నారు. వారి భాషలో మన 'చ', 'గ' ధ్వనులు లేవు. అందువల్ల చత్రంగ్ కాస్తా 'షత్రంజ్' అయింది.

మన రాజు పారశీకంలో 'షా' అయ్యాడు. రాజుకు ముప్పు తెచ్చే ఎత్తు వేసినప్పుడు 'షా!' అని నోటితో చెప్పడం ఆ ఆటలో మర్యాద. 'రాజుగారూ, జాగ్రత్త' అన్నట్టు. తప్పించుకునే దారి లేకపోతే 'షా మాత్'. రాజు చచ్చాడని అరబ్బీలో అర్థం చెప్పుకోవచ్చు గాని, పారశీకంలో మాత్ అంటే దిక్కుతోచని స్థితి. చదరంగంలో రాజును చంపరు కదా, కదలకుండా చేస్తారు. కనుక రెండో అర్థమే ఆటకు సరిపోతుంది.

అరబ్బుల ద్వారా ఆట ఐరోపా చేరింది. 'షా' లాటిన్‌లో 'స్కాకస్' అయింది, పాత ఫ్రెంచిలో 'ఎషెక్' అయింది, ఇంగ్లీషులోకి వచ్చి 'చెక్' అయింది. ఆ ఫ్రెంచి మాట బహువచన రూపమే 'చెస్'. అంటే చెస్ అన్నా చెక్ అన్నా మూలంలో రాజు పేరే.

రాజుకు 'చెక్' చెప్పారంటే ఎదుటివాడు తన ఆలోచనలన్నీ పక్కన పెట్టి ముందు ఆ సంగతి చూసుకోవాలి. ఇక్కడినుంచే ఆపడం, అడ్డగించడం అన్న అర్థాలు వచ్చాయి. 14వ శతాబ్దం నాటికే ఇంగ్లీషువాళ్ళు చదరంగంతో సంబంధం లేకుండా ఈ మాట వాడసాగారు. కోపానికి చెక్, గుర్రానికి చెక్, శత్రువు దండుకు చెక్. వాగు నీటిని ఆపే చెక్‌డ్యాం ఈ కొమ్మకు చెందినదే. మన పత్రికల 'అవినీతికి చెక్' కూడా ఇదే. ఆపాలంటే ముందు చూడాలి, పోల్చాలి, పరీక్షించాలి. అలా 'సరిచూడటం' అన్న అర్థం తర్వాత చేరింది. రైల్లో టిక్కెట్ల చెకింగు, డాక్టరు చెకప్పు ఆ సంతానం.

యానాం పాఠకులు ఒక చిత్రం గమనించి ఉంటారు. పాతతరంవారు చదువుకున్న ఫ్రెంచిలో ఇదే మాట ఏకవచనంలో 'ఎషెక్' అంటే ఓటమి, బహువచనంలో చదరంగం ఆట. బ్యాంకు చెక్కుకు మాత్రం ఫ్రెంచివాళ్ళు 'షెక్' అంటారు. అది తమ మాటే అని గుర్తుపట్టకుండా ఇంగ్లీషువాళ్ళ దగ్గర తిరిగి అప్పు తెచ్చుకున్నది. ఒక ఇంటి పిల్ల పెళ్ళై వెళ్ళి, తరాల తర్వాత ఆమె మనుమరాలు అదే ఇంటికి కోడలుగా వచ్చినట్టు.

గళ్ళ గుడ్డ మీద జమాబందీ

రెండో బల్ల ఇంగ్లండు రాజుగారి ఖజానాలో ఉంది. 12వ శతాబ్దం మొదట్లో, మొదటి హెన్రీ కాలంలో, ఆ దేశపు ఆదాయం లెక్కలు చూసే ఏర్పాటుకు 'ఎక్స్‌చెకర్' అనే పేరు వచ్చింది. ఆ మాటకు చదరంగపు పలక అని అర్థం. కోశాధికారిగా పనిచేసిన రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 1170ల చివర, గురుశిష్యుల సంభాషణగా రాసిన పుస్తకంలో ఆ బల్లను కళ్ళకు కట్టాడు. పొడవు పదడుగులు, వెడల్పు ఐదడుగులు. పైన పెట్టినవి దొర్లి పడిపోకుండా చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తు అంచు. దాని మీద నల్లని గుడ్డ. గుడ్డ మీద అడుగుకో జానకో ఒకటి చొప్పున గీతలు.

ఆ గీతలు ఎందుకంటే, అప్పటి ఇంగ్లండులో లెక్కలు రోమన్ అంకెలతో రాసేవారు. వాటిలో స్థానవిలువ లేదు, సున్న లేదు. ఆ అంకెలతో కూడికలు, తీసివేతలు కాగితం మీద చేయడం నరకం. అందుకని ఒక వరుస పెన్నీలకు, ఒకటి షిల్లింగులకు, ఒకటి పౌన్లకు, ఆపైన ఇరవైలకు, వందలకు, వేలకు అని విభజించి, ఆయా వరుసల్లో బిళ్ళలు పెట్టి, తీసి లెక్క కట్టేవారు. మన దేశంలో అప్పటికే శతాబ్దాలుగా స్థానవిలువతో, సున్నతో లెక్కలు రాస్తున్నారన్నది గుర్తు చేసుకుంటే, ఆ గుడ్డ మీద మనవారికి జాలి కూడా కలుగుతుంది.

ఏడాదికి రెండుసార్లు, ఈస్టరుకు, మైఖేల్మస్ పండుగకు, జిల్లాల షెరీఫులు వచ్చి ఆ బల్ల ముందు కూర్చునేవారు. ఎంత రావాలి, ఎంత కట్టావు, ఏది ఖర్చు రాశావు అని విచారణ. మద్రాసు రాజధానిలో ఏటా జరిగిన జమాబందీ గురించి పెద్దల నోట విన్నవారికి ఈ దృశ్యం కొత్త కాదు. కరణం లెక్కల కట్టలతో చేతులు కట్టుకుని నిలబడేది అక్కడే. ఫిట్జ్‌నీల్ ఆ బల్ల పేరుకు ఇంకో కారణం కూడా చెప్పాడు. చదరంగంలో ఇద్దరు రాజులు తలపడ్డట్టు ఇక్కడ కోశాధికారీ షెరీఫూ తలపడతారట. ఈనాటికీ బ్యాంకుల్లో ప్రతి పద్దుకూ ఇద్దరు ఉండాలి. నమోదు చేసేవాడు మేకర్, సరిచూసేవాడు చెకర్. ఆ బల్లకు ఇటొకరు, అటొకరు.

షెరీఫు కట్టిన సొమ్ముకు రసీదు కాగితం కాదు, కర్ర. వెయ్యి పౌన్లకు అరచేతి మందం గంటు, వందకు బొటనవేలి మందం, ఇరవైకి చిటికెన వేలి మందం, ఒక పౌనుకు పండిన బార్లీ గింజంత గంటు చెక్కి, కర్రను నిలువుగా చీల్చి చెరో ముక్క ఉంచుకునేవారు. తగాదా వస్తే రెండు ముక్కలూ కలిపి చూస్తే చాలు. గంట్లు కలవకపోతే ఎవరో మోసం చేసినట్టే. ఈ కర్రల వాడకం 1826లో ఆగింది. మిగిలిపోయిన పాత కర్రలను 1834 అక్టోబరు 16న ప్రభువుల సభ కింది కొలుముల్లో వేసి తగలబెడుతుంటే మంట అదుపు తప్పి పార్లమెంటు భవనమే కాలిపోయింది. పాత రికార్డులను తగలబెట్టే ముందు ఏ ఆఫీసరైనా తలచుకోవలసిన ఉదంతం.

తెలుగులో 'చెక్కు' అంటే ఉలితో చెక్కడం, పండు పైతోలు, బుగ్గ కూడా. కర్ర మీద చెక్కేవారు గనుక చెక్కు అయిందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది చెవికి ఇంపైన పోలిక మాత్రమే, రక్తసంబంధం కాదు.

ఆ చదరంగపు పలక నుంచే గళ్ళ గుడ్డకు 'చెక్స్' అన్న పేరు వచ్చింది. ఈ కొమ్మ మన గడప దాకా వచ్చింది. కుంఫిణీ కాలం నుంచి మద్రాసు గళ్ళ గుడ్డ సముద్రాలు దాటింది. 'రియల్ మద్రాస్ హాండ్‌కర్చీఫ్' అన్న పేరుతో చీరాల ప్రాంతపు మగ్గాల మీద నేసిన గళ్ళ తానులు పశ్చిమ ఆఫ్రికాకు ఎగుమతి అయ్యేవి. పేరుకు చేతిరుమాలు గాని, గజం గజం చదరం. నైజర్ నది ముఖద్వారంలో ఉండే కలబరి జాతివారు ఆ గుడ్డను 'ఇంజిరి' అంటారు. పెళ్ళిళ్ళలో, చావుల్లో అది లేనిదే జరగదు. వారి ఆడవాళ్ళు ఆ గళ్ళలోంచి కొన్ని పోగులు కత్తిరించి లాగేసి, తమదైన కొత్త నమూనా తయారుచేసుకుంటారు. నేసినవాడికి ఆ ఊరి పేరు తెలియదు, కట్టుకున్నవారికి చీరాల పేరు తెలియదు. మధ్యలో వర్తకుడి చిట్టాలో మాత్రం రెండూ కలిశాయి.

చీటీ ముక్కకు పేరు ఎలా వచ్చింది?

ఇక మా బల్ల. 17వ శతాబ్దంలో లండన్ వర్తకులు తమ సొమ్మును కంసాలుల దగ్గర, పత్రాలు రాసే లేఖరుల దగ్గర దాచుకునేవారు. ఎవరికైనా ఇవ్వవలసి వచ్చినప్పుడు 'ఫలానావారికి ఇంత ఇవ్వగలరు' అని ఉత్తరం రాసి పంపేవారు. ఇంగ్లండులో నిలిచిన అలాంటి తొలి ఉత్తరాల్లో ఒకటి 1659-60 నాటిది. నికొలస్ వానాకర్ అనే వర్తకుడు, డెల్బో అనే ఆయనకు 400 పౌన్లు ఇమ్మని క్లేటన్ అండ్ మారిస్ సంస్థకు రాసినది. అప్పటికి దాన్ని చెక్కు అనలేదు.

చెక్కు అన్నది మొదట ఆ ఉత్తరం పేరు కాదు. 18వ శతాబ్దం మొదట్లో బిల్లులకు, చీటీలకు పక్కన ఇంకో ముక్క ఉంచి, మధ్యలో వంకర గీతల నగిషీ అచ్చువేసి, ఆ నగిషీ మీదుగా కత్తిరించేవారు. పార్టీకి ఇచ్చిన ముక్క తిరిగివచ్చినప్పుడు తమ దగ్గర ఉన్న ముక్కతో కలిపి చూస్తే అసలో నకిలీయో తెలిసిపోతుంది. గంట్ల కర్ర చేసిన పనే కాగితం మీద. అలా సరిచూడటానికి, మోసాన్ని ఆపడానికి దగ్గర ఉంచుకున్న ముక్కను 'చెక్' అన్నారు. ఇప్పుడు మనం కౌంటర్‌ఫాయిల్ అనేది దాన్నే. రానురాను ఆ పేరు ఉంచుకున్న ముక్కను వదిలి, ఇచ్చిన ముక్కకు అంటుకుంది. సంచికి ఉన్న పేరు సరుకుకు వచ్చినట్టు.

19వ శతాబ్దంలో బ్రిటన్ బ్యాంకర్లు ఎక్స్‌చెకర్‌ను తలచుకుని దీని వర్ణక్రమాన్ని మార్చి గంభీరంగా రాసుకున్నారు. అమెరికావాళ్ళు పాత వర్ణక్రమమే ఉంచుకున్నారు. అక్కడ హోటల్ బిల్లూ చెక్కే, సామాను అప్పగించి తీసుకునే బిళ్ళా చెక్కే, మనం 'టిక్కు' అనే గుర్తూ చెక్కే. అన్నిటిలోనూ ఉన్నది ఒకే సంగతి, తర్వాత సరిచూసుకోవడానికి ఒక గుర్తు.

ఇంకో వాదం కూడా ఉంది. అరబ్బీలో 'సక్' అంటే సొమ్ముకు సంబంధించిన పత్రం. అది పారశీకపు 'చక్' నుంచి వచ్చింది. 10వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ హౌకల్ సహారా ఎడారి దక్షిణపు అంచున అవుదగుస్త్ పట్నంలో 42,000 దీనార్లకు రాసిన ఒక సక్‌ను చూశానని రాశాడు. బ్యాంకు చెక్కుకు అసలు తాత ఈ సక్కేనని కొందరంటారు. వస్తువు విషయంలో వారి మాట కొట్టిపారేయలేం. దూరాన ఉన్న సొమ్మును కాగితంతో నడిపించడం ఐరోపావారికంటే ముందే తూర్పు వర్తకులకు తెలుసు. మన హుండీ అలాంటిదే. ఇప్పుడు హుండీ అనగానే గుడిలో కానుకల పెట్టె గుర్తుకు రావడం వేరే కథ. కానీ మాట విషయంలో నిఘంటుకారులు ఎక్కువమంది 'షా' వైపే ఉన్నారు. కౌంటర్‌ఫాయిల్ సాక్ష్యం వారి దగ్గర ఉంది.

ఇదే సందర్భంలో మన దస్తావేజుల్లోని 'చెక్కుబందీ' కూడా చెప్పాలి. తెలుగులో, కన్నడంలో, తమిళంలో స్థలాల హద్దులు రాసేటప్పుడు ఈ మాట వాడతారు. ఇది బ్యాంకు చెక్కుకు బంధువు కాదు. భూమి తునకకు ఉత్తరాదివాళ్ళు వాడే 'చక్' నుంచి రెవెన్యూ భాష ద్వారా వచ్చింది. మూడు భాషలవాళ్ళం మన మన పొలాలకు హద్దులు రాసుకోవడానికి ఒకే అరువు మాటను వాడుకుంటున్నాం. హద్దుకు ఇటూ అటూ మాట ఒకటే.

'సంబంధిత ప్రాంతీయ భాష'

మద్రాసులో బ్యాంక్ ఆఫ్ మద్రాస్ 1843లో మొదలైంది. దేశమంతటికీ చెక్కుల చట్టం 1881లో వచ్చింది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఆక్ట్ అని మాబోటివాళ్ళు పరీక్షలకు బట్టీపట్టినది. బ్యాంకరు పేరున, అడిగిన వెంటనే చెల్లించాలని రాసిన బిల్లే చెక్కు అని అందులో నిర్వచనం. అదే చట్టం మొదటి సెక్షన్లో ఒక మంచి మాట ఉంది. తూర్పుదేశపు భాషలో రాసిన పత్రాల విషయంలో స్థానికంగా ఉన్న వాడుకను ఈ చట్టం తాకదు, తమకు ఈ చట్టమే వర్తించాలని ఆ పత్రంలోనే రాసుకుంటే తప్ప. హుండీలను దృష్టిలో పెట్టుకుని రాసినది గాని, ఒక వర్తకుడు తన భాషలో రాసిన చీటీకి దాని మర్యాద దానికి ఉందని పరాయి ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు.

ఆ తర్వాత దేశం స్వతంత్రమైంది, భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడ్డాయి. అంతకుముందే 1936లో గంజాం, బరంపురం ఒరిస్సాకు వెళ్ళాయి. 1953లో ఆంధ్ర ఏర్పడ్డప్పుడు, 1956లో మళ్ళీ సరిహద్దులు గీసినప్పుడు, హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. బళ్ళారి, కోలారు తెలుగువాళ్ళు మైసూరులో, అంటే నేటి కర్ణాటకలో మిగిలారు. షోలాపూరు, చంద్రపూరు తెలుగువాళ్ళు మహారాష్ట్రవారయ్యారు. గీత పడ్డచోట చెక్‌పోస్టు వెలిసింది. ఇచ్ఛాపురం దగ్గర, అత్తిబెలె దగ్గర బారులు తీరిన లారీలను చూసినవారికి ఆ మాట నిఘంటువు అక్కర లేకుండానే అర్థమవుతుంది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాలు అమ్మకపు పన్ను చెక్‌పోస్టులను ఎత్తివేశాయి. కానీ అన్ని చెక్‌పోస్టులూ రోడ్డు మీద ఉండవు.

రిజర్వు బ్యాంకు 2015 జూలైలో ఖాతాదారుల సేవలపై ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్‌లో, చెక్కు ఫారాలు హిందీ, ఇంగ్లీషులలో అచ్చువేయాలని, ఖాతాదారు మాత్రం హిందీలోగాని, ఇంగ్లీషులోగాని, సంబంధిత ప్రాంతీయ భాషలోగాని చెక్కు రాయవచ్చని ఉంది. చదవడానికి ఉదారంగానే ఉంటుంది. 'సంబంధిత' అన్న ఒక్క మాట దగ్గర మనలాంటివాళ్ళు ఆగిపోతాం. హోసూరుకు సంబంధించిన భాష తమిళం. బరంపురానికి ఒడియా. షోలాపూరుకు మరాఠీ. యానాంలో తెలుగుకు 1965 నాటి అధికార భాషా చట్టంలో చోటు ఉంది గనుక వారు ధన్యులు. మిగతాచోట్ల ఏడెనిమిది తరాలుగా అదే మట్టిలో ఉన్నవాడి భాష ఆ మట్టికి సంబంధించినది కాదు.

ఇది ఎవరిమీదో ఫిర్యాదు కాదు. చెక్కు మీది అక్షరాలు చదవలేని గుమాస్తా దాన్ని ఎలా పాస్ చేస్తాడు? ఆ ఇబ్బంది నాకు తెలుసు. కానీ సంతకం సంగతి వేరు. సంతకాన్ని చదవనక్కరలేదు, పోల్చుకుంటే చాలు. అది ఏ ప్రాంతానిదీ కాదు, ఆ మనిషిది.

1990ల చివర, నేను ఇంకా కొత్త ఆఫీసరుగా ఉన్నప్పుడు, తమిళనాడు వైపు సరిహద్దులో ఒక శాఖలో పనిచేశాను. ఆ ఊళ్ళో మగ్గాలున్న ఒక అవ్వ ఖాతా మా దగ్గర ఉండేది. భర్త పోయాక ఆవిడే వ్యాపారం చూసుకునేది. సంతకం తెలుగులో. ఒకరోజు క్లియరింగులో ఆవిడ చెక్కు వచ్చింది. మనుమడి పాలిటెక్నిక్ ఫీజుకు ఇచ్చినది. స్పెసిమెన్ కార్డు తీసి చూశాను. పేరులోని సంయుక్తాక్షరం కింద వత్తు కార్డులో అంటుకుని ఉంది, చెక్కు మీద విడిపోయి పక్కకు జరిగింది. తలకట్లు వంకరపోయాయి. సంతకం తేడాగా ఉందని రాసి చెక్కు వాపసు చేశాను. ఖాతాలో సొమ్ము లేక కాదు, కావలసినంత ఉంది.

నా పక్షాన చెప్పుకోవడానికి ఒకటుంది. దొంగ సంతకం మీద సొమ్ము ఇస్తే ఆ నష్టం బ్యాంకుదే. 1987లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఈ సంగతి గట్టిగానే చెప్పింది. ఆ భయం ప్రతి ఆఫీసరుకూ ఉంటుంది. అయితే ఆ రోజు నేను వాపసు చేసినవి అది ఒక్కటే కాదు, పాస్ చేసినవీ ఉన్నాయి. వాటిలో ఇంగ్లీషులో గొలుసుకట్టుగా గీసిన సంతకాలు కార్డుతో అంతకంటే ఎక్కువ తేడాగా ఉన్నవి ఒకటి రెండైనా ఉండి ఉంటాయి. వాటిని నేను అక్షరం అక్షరం చూడలేదు. తెలుగు చదవగలను గనుక తెలుగు సంతకంలోనే తప్పులు పట్టాను.

రెండు రోజుల తర్వాత అవ్వ శాఖకు వచ్చింది. కాలేజీలో జరిమానా కట్టించుకున్నారు, మా బ్యాంకు వాపసు చార్జీ వేసింది. కేకలు వేయలేదు. కార్డు చూపించమంది. చూపించాను. కాసేపు చూసి, "ఇదీ నేనే రాస్తిని, అదీ నేనే రాస్తిని కద నాయినా. చెయ్యి వణికితే మనిషి మారిపోతాదా?" అంది.

పై అధికారి నాకు రెండు ఉపాయాలు చెప్పారు. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో సంతకం నేర్పించమన్నారు. లేదా వేలిముద్ర ఖాతాగా మార్చమన్నారు. వేలిముద్రగాళ్ళకు మామూలుగా చెక్కుబుక్కు ఇవ్వరు. అంటే తన పేరు తాను రాయగలిగిన మనిషి, యాభై ఏళ్ళుగా మగ్గాల లెక్కలన్నీ తెలుగులో స్వయంగా రాసుకున్న మనిషి, మా రిజిస్టర్లలో నిరక్షరాస్యురాలు కావాలి. అప్పుల పత్రాల మీద తెలుగులో సంతకం పెట్టినవాళ్ళ దగ్గర, 'ఇందులోని విషయాలు నాకు నా భాషలో చదివి వినిపించారు' అని వేరే వాంగ్మూలం తీసుకోవడం మాకు అలవాటు. దాన్ని వెర్నాక్యులర్ డిక్లరేషన్ అంటారు. ఆ మాటకు లాటిన్ మూలంలో, యజమాని ఇంట్లోనే పుట్టిన బానిస అని అర్థం. చెక్ అన్న మాట రాజు దగ్గర మొదలైతే, ఇది దాసి దగ్గర మొదలైంది.

అవ్వ రెండింటికీ ఒప్పుకోలేదు. కొత్త కార్డు తెమ్మని, వణికే చేత్తోనే, వత్తు విడిపోయినది విడిపోయినట్టే, మూడుసార్లు తెలుగులో సంతకం చేసింది. నేను 'నా సమక్షంలో' అని రాసి కింద సంతకం పెట్టాను. నా సంతకం అప్పటికి ఇంగ్లీషులో ఉండేది. ఆ తర్వాత ఆవిడ చెక్కు ఒక్కటి కూడా ఆ కారణంతో తిరిగిపోలేదు.

ఇప్పుడు చెక్కులకు కాలం చెల్లుతోంది. 2008లో ఢిల్లీలో, 2011లో చెన్నైలో, 2013లో ముంబైలో మొదలైన ట్రంకేషన్ పద్ధతితో కాగితం కదలడం మానేసి బొమ్మ మాత్రమే ప్రయాణం చేస్తోంది. 2012 ఏప్రిల్ నుంచి చెక్కు ఆయుష్షు ఆరు నెలల నుంచి మూడు నెలలకు తగ్గింది. 2016లో యూపీఐ వచ్చాక కూరగాయల బండి దగ్గర కూడా ఫోనే. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కులను రోజంతా ఎప్పటికప్పుడు పరిష్కరించే ఏర్పాటు మొదలైంది. అయినా పెద్ద మొత్తాలకు, స్థలాల కొనుగోళ్ళకు, సంస్థల ఖర్చులకు చెక్కు ఇంకా ఉంది. ఉన్నంతకాలం దాని మీద ఒక సంతకం ఉంటుంది.

ఈ పత్రిక చదివేవారిలో చాలామందికి బడిలో తెలుగు చెప్పినవారు లేరు. ఇంట్లో అమ్మ దగ్గరో, తాత దగ్గరో నేర్చుకున్నారు. పిల్లలకు అదీ లేదు. వారికి పద్యాలు, శతకాలు నేర్పలేకపోయినా, తమ పేరు తెలుగులో రాయడం నేర్పి, బ్యాంకులో ఖాతా తెరిచేటప్పుడు ఆ సంతకమే పెట్టించండి. ఎవరూ కాదనడానికి వీల్లేదు. కౌంటరులో ఉన్నవారు కొంచెం విసుక్కుంటే విసుక్కోనివ్వండి, ఒకటికి రెండుసార్లు పోల్చి చూసుకుంటారు. పోల్చి చూడటమే కదా ఆ మాటకు అర్థం.

చెక్కులో ఆజ్ఞ ఇచ్చేది ఖాతాదారు. ఎంత పెద్ద బ్యాంకైనా ఆ ఆజ్ఞ ప్రకారం చెల్లించవలసిందే. ఆ చిన్న కాగితం మేర సంతకం పెట్టినవారే షా. అవ్వకు ఈ వ్యుత్పత్తి తెలియదు. తెలియకపోయినా ఆ రోజు కౌంటరు ముందు అలాగే నిలబడింది. ఆ మరుసటి నెలలో నేను దరఖాస్తు పెట్టుకుని బ్యాంకు రికార్డుల్లో నా సంతకాన్ని తెలుగులోకి మార్చుకున్నాను.